తప్పు వాళ్ళది, బిల్లు మనది

ల్యాబ్ మేడ మీద ఇంటి నుంచి

వసపిట్టకి వదిన రాస్తున్నది,

నేను కాపురానికొచ్చిన కొత్తలో నీ వాగుడు పడలేక చెవుల్లో దూది పెట్టుకున్నదాన్ని. అలాంటిది ఇప్పుడు నువ్వే ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాయండి అంటున్నావు. ఆఫీసులో రోజంతా ఫోన్లు ఎత్తీ ఎత్తీ, గదికి వచ్చాక అది మోగితే విసిరికొట్టాలనిపిస్తోందని మీ అన్నయ్యతో అన్నావట. సరే తల్లీ, నాకు దూది ఖర్చు తప్పింది.

ఇక్కడ జరిగిన భాగోతం విను. మన ల్యాబ్ సంగతి నీకు తెలిసిందే. రక్తం మీ అన్నయ్య తీస్తాడు, పరీక్ష నేను చేస్తాను, అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించి రిపోర్టులు తీసేది మన రిపోర్టుల అమ్మాయి. ఆ కంప్యూటర్‌లో ఉన్నది మీ కంపెనీ సాఫ్ట్‌వేరే. నువ్వు అందులో చేరావన్న అభిమానంతోనే కొన్నాం. ఈమధ్య అది దానంతటదే కొత్త వెర్షన్‌కి మారింది. మారిన వారంలోనే బట్టల కొట్టు తాతగారికి గర్భం నిలిచిందని రిపోర్టు వెళ్ళింది.

పైన ఆయన పేరు, ఆయన వయసు. కింద ఇంకెవరో కడుపుతో ఉన్న అమ్మాయి ఫలితాలు. ఆయన కళ్ళద్దాలు మర్చిపోయి భార్య చేత చదివించుకున్నారట. ఆవిడ ఆ కాగితం పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చి, "ఏమ్మా, మా ఆయనకి ఎన్నో నెల?" అని అడిగింది. కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల చచ్చిపోయాను. రిపోర్టుల అమ్మాయిని నానా మాటలూ అన్నాను. అది ఏడుస్తూ, "నేను సరిగ్గానే ఎక్కించానక్కా" అని ఒట్టు పెట్టుకుంది.

తీరా చూస్తే దాని తప్పేం లేదు. అంకెలన్నీ ఎక్కించినవి ఎక్కించినట్టే ఉన్నాయి. కాగితం మీదకి వచ్చేసరికి తారుమారవుతున్నాయి. మీ హెల్ప్ నంబరుకి ఫోన్ చేశాను. ఒక మిషన్ గొంతు చాలాసేపు నన్ను పొగిడింది, నేను వాళ్ళకి చాలా ముఖ్యమట. ఆ తరవాత, మనిషితో మాట్లాడాలంటే ముందు డబ్బు కట్టమంది. ఒక్కో సమస్యకి ఇంత అని రేటు. పాత రోజుల్లో ఊరికే చెప్పేవాళ్ళు కదా, ఎప్పటి నుంచి ఈ వ్యాపారం? తిప్పలు తెచ్చిపెట్టింది వాళ్ళు, వాటి గురించి మొరపెట్టుకోవడానికి కట్టాల్సింది నేనా? ఫోన్ పెట్టేసి, పంపు కింద చేతులు కడుక్కున్నాను. అంత రోత పుట్టింది.

నువ్వు ఉన్నది అక్కడే కదా. దీనికి మందేమిటో ఒక్క ముక్క రాసి పడెయ్. మీ అన్నయ్య నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు.

మీ వదిన


హాస్టల్, పై అంతస్తు గది నుంచి

వదినమ్మకి,

ముందుగా తాతగారికి నా శుభాకాంక్షలు. పుట్టబోయేది మగపిల్లాడైతే కొట్టు చూసుకుంటాడు.

నీ కోపం అర్థమైంది. కానీ నువ్వు ఫోన్‌కి అటువైపు కూర్చుని చూస్తున్నావు, నేను ఇటువైపు ఉన్నాను. ఊరికే చెప్పిన రోజులు నాకూ గుర్తున్నాయి. ఒకాయన ప్రింటర్ పనిచెయ్యట్లేదని ఫోన్ చేశాడు. ప్లగ్గు పెట్టి ఉందో లేదో చూడండి సార్ అన్నందుకు, మా అమ్మ నన్ను ఎలా కన్నదో చెప్పాడు. ప్లగ్గు పెట్టి లేదు. ఇంకొకావిడ, కంప్యూటర్‌లో చేసేదే కాబట్టి తన కొడుకు హోంవర్కు కూడా నేనే చెప్పాలంది. ఒక డాక్టరు రోజూ భోజనం చేస్తూ చేసేవాడు. ఆయన నమిలే చప్పుడు, గుటక వేసే చప్పుడు, చివర్లో త్రేన్పు, అన్నీ నా చెవిలోనే. ఊరికే దొరుకుతుందని తెలిస్తే మనుషులు అవతలి వాళ్ళని ఎంత హీనంగా చూస్తారో నన్ను అడుగు.

డబ్బు పెట్టాక ఆ గోల సగం తగ్గింది. ఇప్పుడు ఫోన్ చేసేవాడు ముందు ప్లగ్గు చూసుకుంటున్నాడు. మీరు కొన్నప్పుడు ఒక్కసారి ఇచ్చిన డబ్బుతో మేం జన్మంతా చాకిరీ చెయ్యాలా చెప్పు. మీ ల్యాబ్‌లో ఊరికే సూది గుచ్చుతారా? మా జీతాలు ఆకాశం నుంచి రాలవు కదా.

ఇక నీ సమస్య. మందు ఉత్తరంలో రాయలేను వదినా. కట్టనివాళ్ళకి బయట సలహా చెబితే దొంగతనం కిందే లెక్క అని చేరిన రోజే మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. చుట్టాల ఫోన్ వస్తే కూడా మేం మాట్లాడకూడదు, పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి. పైగా ఇప్పుడు మా టీమ్ లీడర్ పోస్టు ఖాళీ అవుతోంది. అది వస్తే ఇక నేను ఫోన్లు ఎత్తక్కర్లేదు. మా మేనేజర్ నా పేరే రాస్తానన్నాడు. ఆయన్ని మేమంతా చిరునవ్వు అంటాం. తిట్లు తింటున్నా నవ్వుతూ మాట్లాడమంటాడు, నవ్వు అవతలికి వినిపిస్తుందట. ఈ ఒక్క నెల నన్ను ఇరకాటంలో పెట్టకు.

డబ్బు కట్టి ఫోన్ చెయ్యి. చెబుతారు. అన్నయ్యని అడిగినట్టు చెప్పు.

మీ వసపిట్ట


ల్యాబ్ మేడ మీద ఇంటి నుంచి

వసపిట్టకి,

తాతగారి తరవాత ఇంకో ఇద్దరివి తారుమారయ్యాయి. మేమే ముందు పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. ఇక మొండికెయ్యడం మంచిది కాదనిపించి, నువ్వు చెప్పినట్టే కట్టాను.

నీ ప్లగ్గు మనిషి దగ్గర డబ్బు తీసుకో, నేను కాదనను. ఆ త్రేన్పుల డాక్టరు దగ్గర రెట్టింపు తీసుకో. తెలియక అడిగేవాడు వేరు, మీ తప్పు వల్ల అడిగేవాడు వేరు. నా పరీక్ష తప్పు పోతే ఆ మనిషిని నేనే పిలిపించుకుంటాను, రెండోసారి సూది గుచ్చినందుకు క్షమించమని అడుగుతాను. దానికి కూడా బిల్లు వేశాననుకో, నా మొహాన ఉమ్మెయ్యాలి. ఇంత చిన్న తేడా అంత చదువుకున్న నీకు నేను చెప్పాలా?

సరే, ఫోన్ సంగతి. ఒక అమ్మాయి ఎత్తింది. ఏదో పేరు చెప్పింది. నేను మొత్తం చెప్పాను. పేరు ఒకరిది, ఫలితాలు ఇంకొకరివి వస్తున్నాయి, ఇది రక్తపరీక్షల ల్యాబమ్మా, మనుషులు దీన్ని నమ్మి మందులు మింగుతారు అన్నాను. అవతల ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. తరవాత, "మేడమ్, ఒకసారి కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి" అంది. చేశాను. "మీ సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేస్తున్నాను" అంది. ఇంకా వివరంగా కావాలంటే పై ప్లాన్ తీసుకోమంది. నవ్వుతూనే అంది.

ఆ గొంతు నేను ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో విన్నాను. జ్వరం వస్తే ఎలా బొంగురుపోతుందో, మీ అన్నయ్యతో అబద్ధం చెప్పేటప్పుడు ఎలా సన్నబడుతుందో నాకు తెలుసు. నన్ను మేడమ్ అన్నావు. నీ ఉద్యోగానికి అడ్డం రాకూడదని నేనూ థాంక్యూ అమ్మా అని పెట్టేశాను.

పెట్టేశాక మాత్రం నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. ఒక్కటే అడుగుతున్నాను. ఆపి ఆన్ చేస్తే తగ్గే రోగమేనా ఇది? అవునంటే అవునని రాయి, నమ్ముతాను.

వదిన


హాస్టల్, పై అంతస్తు గది నుంచి

వదినా,

అవును, నేనే. నీ గొంతు వినగానే పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాల్సింది. కానీ ఆ రోజు చిరునవ్వు నా కుర్చీ వెనక నిలబడి, ఇంకో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా కాల్స్ వింటున్నాడు. లీడర్ పోస్టుకి అదే పరీక్ష. కాల్ వదిలేస్తే అది నా లెక్కలోకి రాదు. చుట్టాలని చెబితే, ఆ చుట్టాలకి ఇంతకుముందు ఏమేం చెప్పావని అడుగుతారు. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది, ఆ ఊపిరే నీకు వినిపించింది. నిన్ను మేడమ్ అన్నప్పుడు నాలుక మీద ఏదో పాకినట్టయింది. ఆయన మాత్రం భుజం తట్టి, "గుడ్, భలే మర్యాదగా మాట్లాడావు" అన్నాడు.

నీ ప్రశ్నకి జవాబు, కాదు. ఆపి ఆన్ చేస్తే తగ్గదు. మొదటిసారి కట్టినవాళ్ళకి అదే చెప్పాలని మాకు కాగితం మీద రాసిచ్చారు. రెండు రోజులు బాగున్నట్టుంటుంది, మళ్ళీ వస్తుంది, వాళ్ళు మళ్ళీ కడతారు. అసలు జవాబు పై ప్లాన్ కొన్నవాళ్ళకే. నాకు ఆ రోజే తెలుసు.

నెలాఖరున ఆఫీసులో కేక్ కోశారు. నా ప్రమోషన్‌కి కాబోలు అనుకుని జుట్టు సర్దుకుని వెళ్ళాను. కేక్ మీద క్రీముతో పెద్ద పురుగు బొమ్మ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని మా వాళ్ళు పురుగనే అంటారులే. మీ రిపోర్టులు తారుమారు చేస్తున్న ఆ లోపమే అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు తెచ్చిందట, ఎక్కువ ఆదాయం తెచ్చిందట. అందుకని దానికి సన్మానం. పక్క విభాగం వాళ్ళు దాన్ని ఎప్పుడో కనిపెట్టారు, సరిచేసిన వెర్షన్ కూడా సిద్ధంగా ఉంది. పంపలేదు, అంతే. ఎవరో అడిగితే, "తొందరేముంది, పాలిచ్చేదాన్ని ఎవరైనా తోలేసుకుంటారా" అన్నాడు చిరునవ్వు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నేను బాగా పనిచేశానని పురుగు తల ఉన్న ముక్క నాకు పెట్టారు. తిన్నాను వదినా, అందరూ చూస్తుంటే మొత్తం తిన్నాను. తరవాత బాత్‌రూమ్‌లోకి పోయి కక్కుకున్నాను.

ప్లగ్గు మనిషి గురించి నేను రాసినవన్నీ నిజాలే. కాకపోతే ఇప్పుడు నాకు ఆ మనిషి మీద కంటే నా మీదే ఎక్కువ అసహ్యంగా ఉంది. వాడు తిట్టేవాడు, మోసం చెయ్యలేదు.

మందు రాస్తున్నాను. ఒకరి రిపోర్టు తెర మీద తెరిచి ఉండగా ఇంకొకరి నంబరు కొడితే పేరు మారుతుంది, కింద ఫలితాలు మారవు. కాబట్టి ఒకటి ప్రింటు తీసి, పూర్తిగా మూసేసి, ఆ తరవాతే రెండోది తెరవాలి. కంప్యూటర్ మేడ మీద, ప్రింటర్ కింది గదిలో ఉన్నాయని, మాటిమాటికీ మెట్లు దిగలేక మన అమ్మాయి అన్నీ తెరిచిపెట్టుకుని సాయంత్రం ఒక్కసారే తీస్తుంది కదా. పాత వెర్షన్‌లో దాంతో ఇబ్బంది లేదు. ఇప్పుడు అదే కొంప ముంచుతోంది. రేపటి నుంచి ఒక్కొక్కటే తియ్యమను.

ఇంత చిన్న మాట. ఫోన్‌లో చెప్పినా ఊపిరి తిప్పుకునేలోగా అయిపోయేది.

ఈ ఉత్తరం చదివి చించెయ్. ప్రమోషన్ కాగితం ఇంకా రాలేదు.

వసపిట్ట


ల్యాబ్ మేడ మీద ఇంటి నుంచి

పిల్లా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నిన్న అంది ఉన్నా లాభం లేదు, జరగాల్సింది అంతకుముందే జరిగిపోయింది.

బడి బస్సు నడిపే డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. లైసెన్సు కోసం ఏటా మన దగ్గరే పరీక్ష చేయించుకుంటాడు. చక్కెర రోగం ఛాయలే లేని మనిషి. ఈసారి ఆయన పేరు కింద ఇంకెవరిదో బాగా ముదిరిన చక్కెర రిపోర్టు వెళ్ళింది. నువ్వు చెప్పినట్టు ఆపి ఆన్ చేశాం కదా, ఇక బాగుపడిందనుకుని నేను రిపోర్టులు సరిచూడటం మానేశాను. ఆయన అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు మన కాగితం నమ్మి గట్టి మాత్రలు రాశాడు. లేని రోగానికి మాత్రలు మింగి, ఒక పొద్దున బస్సు దిగుతూ కళ్ళు తిరిగి మెట్టు మీద తల కొట్టుకుని పడిపోయాడు. పిల్లలు ఇంకా ఎక్కలేదు, అదొక్కటే నయం. ప్రాణం దక్కింది గానీ ప్రతిదీ రెండుగా కనిపిస్తోందట. అది తగ్గుతుందో లేదో చెప్పలేమంటున్నారు. ఇక ఆయనకి బస్సు ఎవరిస్తారు?

ఆసుపత్రికి వెళ్ళాను. డ్రైవర్ భార్య నన్ను చెప్పు తీసుకుని కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని, "ఎలా జరిగిందో దాచకుండా చెప్పండమ్మా, మాకు అదే చాలు" అంది. చెబుతానని మాటిచ్చాను.

ల్యాబ్ మూయించారు. ఆరోగ్య శాఖ నుంచి ఆఫీసరు వచ్చి అన్నీ చూశాడు. మీ కంపెనీని అడిగితే అలాంటి లోపమే లేదు, మీ ల్యాబ్ వాళ్ళే ఏదో చేసుకుని ఉంటారు అని చెప్పారట. ఎంత సిగ్గులేని ముండాకొడుకులు. నోరు జారానని అనుకోకు, ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. రిపోర్టుల అమ్మాయి మూలన కూర్చుని తన చేతుల కేసి చూసుకుంటోంది. అందరూ దాన్నే అంటున్నారు.

ఆఫీసరు నన్ను ఒకటే అడిగాడు, వాళ్ళకి ముందే తెలుసని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారని నేను చెప్పలేదు. నీ ఉత్తరం బీరువాలో పెట్టాను, నీ మాట లేకుండా బయటికి తియ్యను. కానీ నువ్వే రాసిస్తే వేరు. నీ పేరుతో, నీ సంతకంతో, నీకు తెలిసింది తెలిసినట్టు ఆ ఆఫీసరుకి రాసియ్యి. ఉద్యోగం పోతుంది, తెలుసు. ఇంటికి వచ్చెయ్, నేనూ మీ అన్నయ్యా ఉన్నాం. మనం తినేదే నువ్వూ తింటావు.

ఆ మనిషి కళ్ళకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

వదిన


హాస్టల్, పై అంతస్తు గది నుంచి

వదినా,

రాసిచ్చాను. నేనే స్వయంగా వెళ్ళి ఆఫీసరు చేతికి ఇచ్చాను. లోపం ఎప్పటి నుంచి తెలుసు, సరిచేసిన వెర్షన్ ఎందుకు పంపలేదు, మాతో ఏమని చెప్పించారు, అన్నీ. మన ఫోన్ సంగతి కూడా రాశాను, నేను నిన్ను గుర్తుపట్టానని, మందు తెలిసి కూడా చెప్పలేదని. దాన్ని వదిలేసి మిగతాది రాస్తే అదీ వాళ్ళ పనిలాంటిదే అవుతుందనిపించింది.

ఆఫీసులో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. చిరునవ్వు నన్ను గాజు గదిలోకి పిలిచాడు. అప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. "నీకు లీడర్ పోస్టు కాగితం టైపు కూడా అయిపోయిందమ్మా" అని దాన్ని నా ముందే చించాడు. నా బల్ల ఖాళీ చేయించారు. నా చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్‌ని స్పిరిట్‌తో తుడిచి, అక్కడికక్కడే కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి నవ్వడం ప్రాక్టీసు చేస్తోంది. గేటు దాటాక నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని స్నానం చెయ్యాలనిపించింది. చేశాను.

నువ్వు అడగకపోతే ఈ పని చేసేదాన్ని కాదు. ఇంకో నెల చూద్దాం, పోస్టు వచ్చాక చూద్దాం అనుకుంటూ ఉండిపోయేదాన్ని. నన్ను నేను అంత మంచిదాన్నని అనుకోవట్లేదు. ఇప్పటికీ ఒకటి మాత్రం అంటాను, మనిషి కూర్చుని ఓపిగ్గా సాయం చేస్తే దానికి డబ్బు ఇవ్వాల్సిందే. కానీ తప్పుని అమ్ముకోవడం మొదలుపెడితే దాన్ని దిద్దాలనే బుద్ధి ఎవరికీ ఉండదు. ఇది నువ్వు మొదటే చెప్పావు, నేను వినలేదు.

కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నాను. చిరునవ్వు అందరికీ ఫోన్లు చేసి నా గురించి చెబుతున్నాడట, పిలిచినవాళ్ళు మళ్ళీ పిలవట్లేదు. ఈ నెలాఖరు దాకా హాస్టల్‌లో ఉంటాను. ఆ తరవాత మీ దగ్గరికే. డ్రైవర్ ఎలా ఉన్నాడో రాయి. రిపోర్టుల అమ్మాయికి ధైర్యం చెప్పు.

మీ వసపిట్ట


ల్యాబ్ మేడ మీద ఇంటి నుంచి

బంగారుతల్లి మరదలికి,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇక్కడ వానలు పట్టుకున్నాయి, మేడ మీద బట్టలు ఆరట్లేదు. మీ అన్నయ్యకి దగ్గు. పెద్దవాడికి లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. ల్యాబ్ మళ్ళీ తెరిచాం. రంగులు కూడా వేయించాం, లేత ఆకుపచ్చ. చూస్తే నీకు నచ్చుతుంది.

మీ ఆ మేనేజర్ వచ్చాడు. నువ్వు రాసినంత దుర్మార్గుడిలా కనిపించలేదు, మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు. చూడు, కోర్టులంటే మనకయ్యే పనా? మీ అన్నయ్య నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు. ల్యాబ్ మూసి ఉంటే పిల్లల బడి ఎలా, అద్దె ఎలా? ఆయన ఒక కాగితం తెచ్చాడు. రిపోర్టులన్నీ ఒకేసారి తెరిచిపెట్టి తియ్యడం మా ల్యాబ్ అలవాటని, దానివల్లే జరిగిందని, కంపెనీ మాకు ముందే సరైన సలహా ఇచ్చిందని అందులో ఉంది. అలవాటు మాట నిజమే కదా, నువ్వు కూడా అదే రాశావు. సంతకం పెట్టాను.

అలవాటు మార్చుకున్నామని చెబితే ఆఫీసరు ల్యాబ్ తెరవనిచ్చాడు, మన మీద కేసు కూడా తేలిపోతుంది. ఇకమీదట మనకి జన్మంతా ఉచిత సపోర్టు, అన్నిటికన్నా పై ప్లాన్. మొన్న చిన్న అనుమానం వచ్చి చేస్తే ఒక్క రింగుకే ఎత్తారు, అరగంట ఓపిగ్గా చెప్పారు, పైసా అడగలేదు. నీ రోజుల్లో ఇలా ఉంటే నీకూ ఆ పాట్లు ఉండేవి కావు.

రిపోర్టుల అమ్మాయిని పంపించెయ్యాల్సి వచ్చింది. ఎవరో ఒకరి మీద చర్య తీసుకున్నట్టు చూపించాలన్నారు. పెళ్ళి కావాల్సిన పిల్ల కూడా కాదు, మొగుడున్నాడు, ఎలాగోలా గడుస్తుంది. డ్రైవర్ వాళ్ళింటికి వెళ్ళడం కుదరలేదు.

నువ్వు రాసిచ్చిన దాని గురించి బెంగపెట్టుకోకు. ఉద్యోగం మీద కోపంతో ఏదో రాసిందని సర్దిచెబుతామన్నాడు ఆయన. నీ మీద కేసు పెట్టకుండా నేను గట్టిగా మాట తీసుకున్నాను. ఇంటికి వచ్చెయ్. వెనక గదికి కూడా అదే రంగు వేయించాను.

మీ వదిన


హాస్టల్, పై అంతస్తు గది నుంచి

వదినకి,

నీ ఉత్తరం చదివాను. బట్టల సంగతి, దగ్గు సంగతి, మార్కుల సంగతి అన్నీ చదివాను. ఫోన్‌లో నేను నీతో మాట్లాడిన పద్ధతిలోనే నువ్వు నాకు రాశావు.

ఆ కాగితంలో కంపెనీ ముందే ఇచ్చిన సరైన సలహా అని ఉంది చూశావా, అది నేను నీకిచ్చిందే. ఆపి ఆన్ చెయ్యమన్నది. రికార్డు చేసిన ఆ కాల్‌నే వాళ్ళు ఆరోగ్య శాఖ విచారణలో వినిపించబోతున్నారని ఆఫీసరు చెప్పాడు. నేను అబద్ధమని రాసిచ్చిన దాన్ని నువ్వు నిజమని సంతకం పెట్టావు. నేను నిజమని రాసిచ్చింది ఇప్పుడు కోపంతో రాసిన రాత అయింది. చిరునవ్వు నన్ను బయటికి గెంటినప్పుడు కూడా నాకు ఇంత రోత కలగలేదు, ఎందుకంటే ఆయన నాకు ఏమీ కాడు.

భయపడి పెట్టావు, తెలుసు. నేను కూడా భయపడే నిన్ను మేడమ్ అన్నాను, కాబట్టి దాని రుచి నాకు తెలుసు. పిల్లల కోసం అన్నావు, దాన్ని నేను కాదనను. కానీ ఉచితమని రాశావే, దాన్ని మాత్రం మింగలేకపోతున్నాను. ఒక్క రింగుకే ఎత్తుతున్నారని మురిసిపోయావు. ఆ రింగు వెనక ఒక మనిషి చూపు పాడైంది, ఒక పిల్ల పొట్ట మీద కొట్టారు. ఆ బిల్లు నీకు రాలేదు, అంతే. వాళ్ళకి పంపించారు.

రిపోర్టుల అమ్మాయి నాకు ఫోన్ చేసింది. అక్క మీద నాకు కోపం లేదు, ఇంకెక్కడా పనిలో పెట్టుకోవట్లేదు, నేను తప్పు చేశానో లేదో మీరైనా చెప్పండి అని అడిగింది. చెయ్యలేదని చెప్పాను. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. మొన్న మీకు చెప్పకుండా ఊరొచ్చి, డ్రైవర్ భార్య దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. నువ్వు ఇచ్చిన మాట కోసం ఆవిడ ఇంకా ఎదురుచూస్తోంది. నేనే కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. చివరిదాకా విని, "ఆవిడ ఎందుకు రాలేదు?" అని ఒక్కటే అడిగింది. నాకు తెలియదన్నాను.

వచ్చే వారం విచారణకి వస్తున్నాను. వాళ్ళిద్దరి తరఫున మాట్లాడతాను. కంపెనీ దాచింది చెబుతాను, నేను దాచింది చెబుతాను, నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఏది అబద్ధమో కూడా చెబుతాను. ల్యాబ్ మళ్ళీ మూయించినా చెబుతాను. అన్నయ్యకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచు, లేకపోతే నన్ను అక్కడ చూసి గుండె ఆగిపోతుందేమో.

ఆ రోజు ఇంటికి రాను. నా కోసం భోజనం ఉంచొద్దు.

మీ మరదలు